డబ్బాలో పడ్డ పాఠాలు

భూమన్న ఇంట్లో టీవీ ఒక్కటే. ముందరి గదిలో గోడకానించిన బల్ల మీద ఉంటుంది. సాయంత్రం ఆరున్నర కాగానే దాని ముందు అతని భార్య నాగవ్వ చాట పెట్టుకొని కూర్చుంటుంది. చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, మోకాలి దగ్గర దారపు ఉండ. సీరియల్ మొదలైతే ఆమె వేళ్లు వాటంతటవే నడుస్తాయి. కళ్లు బొమ్మ మీద ఉంటాయి, బీడీ చేతిలో చుట్టుకుంటూ పోతుంది, ఒక్కటీ వంకర పోదు. కరెంటు పోయిందంటే మాత్రం చెయ్యి మందగిస్తుంది. "బొమ్మ లేకుంటే సేతి ఏళ్లు నడువయి" అంటుంది. చెరకు దెబ్బతిన్న ఏళ్లలో ఇల్లు నడిచింది ఆ వేళ్ల మీదనే కాబట్టి, ఆ రెండు గంటలు టీవీ జోలికి భూమన్న కూడా పోడు.

ఇది పది పన్నెండేళ్ల కింది మాట. బోధన్ దగ్గర, కాలువ కింది పల్లె వాళ్లది. అప్పటికి ఆ దిక్కు ఫోన్లో మాట సరిగ్గా వినపడితేనే గొప్ప. ఫోన్లో పాఠాలు చూసే రోజులు ఇంకా రాలేదు.

ఆ ఏడు దసరా దాటాక భూమన్న ఒక సంగతి గమనించాడు. కోడలు నిరోష ఏడు గంటలు కాగానే చిన్న గిన్నె పట్టుకొని పక్కింటి లింగవ్వ దగ్గరికి పోతున్నది. పెరుగు తోడు కోసమని చెబుతుంది. పది నిమిషాలకే తిరిగొస్తుంది. ఒకరోజు పోతే సరే, రెండోరోజూ సరే. నాలుగు రోజులు వరసగా తోడుకు పోయేవాళ్లెవరూ ఉండరు. పైగా ఇంట్లో పెరుగు బాగానే తోడుకుంటున్నది.

ఐదోరోజు ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంటుంటే భూమన్న వాకిట్లో పార కడుగుతూ అడిగాడు.

"లింగవ్వ ఇంట్ల టీవీల ఏమొస్తది బిడ్డా?"

నిరోష ఆగిపోయింది. దొంగతనం పట్టుబడ్డ మనిషిలా నవ్వింది.

"పాఠాలొస్తయి మామా. సదువుల చానెల్ల. టీచర్ పరీక్షకు, రోజూ ఏడు నుంచి ఎనిమిది దాక. లింగవ్వ సీరియల్ నడుమ ప్రకటనలొచ్చినప్పుడు రెండు నిమిషాలు పెట్టనిస్తది."

నిరోషది మోర్తాడ్ దిక్కు. పెళ్లికి ముందే నిజామాబాద్‌లో ఉండి డీఎడ్ చదివింది. టీచరు పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ లెక్కల దగ్గరే తప్పిపోయింది. ఆ పరీక్ష ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఒకసారి పోతే మళ్లీ మూడేళ్లో, ఐదేళ్లో. ఈసారి ఫిబ్రవరిలో అన్నారు. టౌన్‌లో కోచింగ్‌కు పోవాలంటే పొద్దటి బస్సుకు పోయి చీకటి పడ్డాక రావాలి. చెరకు నరికే కాలంలో ఇంట్లో ఒక మనిషి తగ్గితే కుదరదు. "గిదే ఆఖరు సారి. రాకుంటే నేను గూడ సాట ముంగట కూసుంట" అని మొగుడితో అన్నది. ఆ మాట భూమన్న చెవిన పడింది. అనేటప్పుడు ఆమె నవ్వలేదు.

అంతమాత్రాన నాగవ్వను ఏడు గంటలకు టీవీ ముందు నుంచి లేపడం అయ్యే పని కాదు. లేపమని నిరోష అడగనూ లేదు. భూమన్న ఆ రాత్రి అన్నం తిని కొడుకుకు ఫోన్ చేశాడు.

కొడుకు రాజేందర్ చెరకు ట్రాక్టర్ నడుపుతాడు. అప్పటికి దూరపు ఊళ్లో లోడు దింపే వరుసలో ఉన్నాడు. ఫోన్లో సంగతి విని, "రికార్డు చేసే డబ్బాలొచ్చినయి బాపు. ఒక చానెల్ సూస్తుంటే ఇంకోటి దాని కడుపుల పడ్తది. అవ్వకు సీరియల్, దీనికి పాఠం. క్యాంపు సతీష్‌బాబుకు గియన్ని ఎర్కనే, నేను మాట్లాడ్త" అన్నాడు.

కాలువకు అవతల క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఇళ్లు అవి. క్యాంపు వీరరాఘవయ్య పొలం, భూమన్న పొలం ఒకే తూము కింద ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా నీళ్ల వంతు దగ్గర కలుస్తారు, చెరకు గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటారు, ఎవరి దోవన వాళ్లు పోతారు. పోట్లాట లేదు. రాకపోకా లేదు. సతీష్‌బాబు ఆయన కొడుకు, బోధన్‌లో కంప్యూటర్లు నేర్పుతాడు.

మరునాడు తూము దగ్గర అతనే మాట కలిపాడు.

"రాజేందర్ ఫోన్ చేశాడండీ. నా మాట విని డబ్బా కొనకండి. అందులో పడింది అందులోనే ఉంటుంది, బయటికి రాదు. కంప్యూటరుకు చిన్న కార్డు బిగిస్తే టీవీ అందులోనే వస్తుంది, రికార్డూ అవుతుంది. అది మీ సొంతం. కాపీ చేసుకోవచ్చు, ఎన్నేళ్లయినా దాచుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. నా దగ్గర పాతది ఒకటుంది. తెచ్చి బిగించి పెడతాను."

భూమన్న నీళ్లు మళ్లించే మడవకు మట్టి వేస్తూ విన్నాడు.

"కరెంటు పోయి అస్తే అదే లేస్తదా?"

సతీష్‌బాబు కొంచెం తడబడ్డాడు. "లేవదండీ. ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. మళ్లీ ప్రోగ్రాం తెరవాలి. దానికేదో సెట్టింగ్ ఉంటుందంటారు, చూడాలి."

"నడుమల ఆగిపోతే?"

"నాకొక ఫోన్ కొట్టండి, వచ్చేస్తాను. ఎంతసేపు?"

ఆ చివరి మాటే భూమన్నకు అడ్డం పడింది. ఆగినప్పుడల్లా ఫోన్ కొట్టాలి. కొట్టినప్పుడల్లా ఆ పిల్లవాడు కాలువ దాటి రావాలి. వచ్చినప్పుడల్లా తాను పక్కన నిలబడి ఉండాలి. ఒకరిని ఒకటి అడగడం భూమన్నకు చేతకాదు. కొత్త రకం చెరకు వచ్చిన ఏడు ఊరంతా వీరరాఘవయ్య పొలం గట్టు మీద నిలబడి విత్తనపు గడలు అడిగి తెచ్చుకున్నారు. ఆయన ఎవరికీ లేదనలేదు. భూమన్న ఒక్కడే పోలేదు. రెండేళ్లు ఆగి, ఆ రకం ఊళ్లో చేతులు మారాక, తన మేనబావ పొలం నుంచి తెచ్చుకున్నాడు.

"మంచిది" అన్నాడు సతీష్‌బాబుతో. ఆ శనివారం బస్సెక్కి నిజామాబాద్ పోయాడు.

బస్టాండు వెనక సందులో విష్ణు దుకాణం. టీవీలు, డిష్ గొడుగులు, వైర్ల చుట్టలు. విష్ణు డబ్బా బయటికి తీసి రిమోట్ చూపించి గబగబా చెప్పుకుంటూ పోయాడు. భూమన్న అంతా విని ఒకే ముక్క అడిగాడు.

"దీనికి ఆటో ఉంటదా?"

"ఆటో ఏంది పెద్దనాయినా?"

"బోరు మోటరుకు పెడ్తం గదా. కరెంటు పోయి అచ్చినంక మనం పోకున్నా అదే నడుస్తది. గట్ల."

విష్ణు నవ్వాడు. "నువ్వు డబ్బ కొన అచ్చినవా, మోటర్ కొన అచ్చినవా?"

అయినా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూపించాడు. డబ్బా మీద నీలం దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. రెండు మూడు నిమిషాలకు ఎర్ర దీపం దానంతటదే వచ్చింది. భూమన్న అంతసేపూ రెప్ప వేయకుండా చూశాడు.

"ఇంకోపారి గుంజు."

"ఇరవై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. డబ్బకు గిట్ల పరీక్ష పెట్టినోన్ని నిన్నే సూసుడు" అంటూ విష్ణు మళ్లీ గుంజాడు. మళ్లీ లేచింది.

"ఎంత పడ్తది దీంట్ల?"

"నూట యాభై గంటలు."

"నిండితే?"

"గంత ఎవడు సూస్తడు పెద్దనాయినా? నిండదు తియ్యి."

చెరకు బండి ఎత్తేటప్పుడు ఇంకా నాలుగు కట్టలు పడతాయని ఎవరైనా అంటే భూమన్న నమ్మడు, చక్రం వైపు వంగి చూస్తాడు. డబ్బాకు వంగి చూసేందుకు ఏమీ కనపడలేదు. ఊ అన్నాడు. సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాడు.

మొదట్లో ఇల్లు హాయిగా నడిచింది. సాయంత్రం ఏడింటికి నాగవ్వ సీరియల్ చూస్తుంటే డబ్బా మూలన ఎర్ర దీపం వెలుగుతుంది. పాఠం లోపల పడుతుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు నిరోష లేచి, చప్పుడు సన్నగా పెట్టి, టీవీకి చెవి ఆనించినంత దగ్గరగా గొంతుక్కూర్చుంటుంది. గదిలో ఇంకా చీకటి. దీపం వేస్తే అత్తకు నిద్ర చెడుతుందని వేయదు. అందుకని రాసుకోవడం కుదరదు. "ఇప్పటికి సూస్త. చెరకు కొట్టుడైపోయినంక పగటిపూట మల్ల పెట్టుకొని రాసుకుంట" అని అనుకుంది. మొదటి రెండు వారాలూ లెక్కలే.

భూమన్న అవతలి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని వినేవాడు. అతని చదువు ఐదో తరగతి దాకే. టీవీలో సారు గొంతు మెత్తగా ఉండేది. ఒకరోజు సారు అడిగాడు, ఒక పనిని ఆరుగురు పది రోజుల్లో చేస్తే పదిహేను మంది ఎన్ని రోజుల్లో చేస్తారని. నిరోష వేళ్ల మీద ఏదో లెక్క కడుతున్నది.

"గా ఆరుగురిల బీడీ తాగేటోళ్లెందరో సెప్పలే సారు" అన్నాడు భూమన్న గోడ వైపు నుంచి.

నిరోష ఉలిక్కిపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంది. "మెలకతోనే ఉన్నరా మామా?"

"లే. పన్నున్న."

ఆ తర్వాత నుంచి పాఠం మొదలయ్యేముందు ఆమె చప్పుడు ఒక గీత పెంచేది. భూమన్న అది తెలిసీ తెలియనట్టు ఉండేవాడు. లెక్కలు అయిపోయి పరిసరాల పాఠాలు వచ్చాయి. నీళ్లు ఆవిరయ్యే తీరు, పక్షుల ముక్కులు, దోమలతో వచ్చే రోగాలు. పక్షుల పాఠం రోజున అతను పొలం పోతూ దారిలో కొంగ ముక్కును నిలబడి చూశాడు.

రెండు వారాలు దాటాక ఒక సాయంత్రం సీరియల్ మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. పెళ్లి పీటల మీద ఎవరో లేచి నిలబడ్డారు, అంతే, చీకటి. నాగవ్వ చాట మీద చెయ్యి పెట్టుకొని కూర్చుండిపోయింది. ఆమె ముఖం చూసి నిరోషకే పాపమనిపించింది. మరునాడు రిమోట్ ఆమె చేతిలో పెట్టి చూపించింది.

"అత్తా, గీ ఎర్ర గుండి నొక్కు. రోజూ రావాల్నా అని అడుగుతది, ఊ అని గీడ నొక్కు. కరెంటు పోయి తప్పినా, పొద్దుగాల మల్ల ఏస్తరు గదా, గప్పుడు పడ్తది. పొలం పోయినా పోదు, నిద్రవోయినా పోదు. నువ్వెప్పుడు కూసుంటే గప్పుడు సూడొచ్చు."

"నేనొచ్చేదాక ఆగుతదా?"

"ఆగుతది."

నాగవ్వ ఆ రోజు ఒకటే నొక్కింది. తర్వాత పొద్దటిది ఒకటి, మధ్యాహ్నానిది ఒకటి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చుంటే ఆమె కోసం కథ ఆగి ఉండేది. బస్సు ఆగదు, రేషన్ దుకాణం ఆగదు, బీడీ కార్ఖానాలో ఆకు ఇచ్చే మనిషి ఆగడు. "గిది మంచిగున్నదే" అని లింగవ్వను పిలిచి చూపించింది. లింగవ్వ ఇంట్లో వచ్చే ఇంకో సీరియల్ గురించి విని, అదీ నొక్కింది. డిసెంబరు వచ్చేసరికి రోజుకు ఐదు సీరియళ్లు డబ్బాలో పడుతున్నాయి. అందులో సగం చూసే తీరిక కూడా ఆమెకు లేదు. ఉన్నాయన్న ధైర్యమే.

చెరకు కొట్టుడు మొదలయ్యింది. నిరోష నాలుగైదు రోజులు తెల్లవారుజామున టీవీ పెట్టలేదు. కూలీలకు వండాలి. ఆరోరోజు పొద్దున పెట్టి, పాత లెక్కల పాఠం ఒకటి చూద్దామని పేర్ల వరస కిందికి జరిపింది. జరిపింది, మళ్లీ పైకి తెచ్చింది, మళ్లీ కిందికి. భూమన్నకు పాఠం వినపడలేదు. ఇటు తిరిగి చూశాడు. ఆమె వీపు కనపడుతున్నది. రిమోట్ పట్టుకున్న చెయ్యి ఒడిలో ఉన్నది. టీవీ వెలుగులో పేర్ల వరస మాత్రం నిలబడి ఉన్నది.

"ఏమైంది బిడ్డా?"

"లెక్కలు లెవ్వు మామా."

"లేకుంటేంది?"

"డబ్బ నిండింది. నిండితే పాతయి అదే తీసేసుకుంటదట. గిండ్ల రాసున్నది. ముందుగాల పడ్డయి లెక్కలే. పద్నాలుగు పాఠాలు." ఇంకో గుండి నొక్కితే తాళం బొమ్మ కనపడింది. "పాఠం మీద గీ తాళం గుర్తు పెడితే డబ్బ దాన్ని ముట్టదట. గది నాకు తెల్వలే."

నాగవ్వ లేచి కూర్చుంది. సంగతి అర్థం కావడానికి ఆమెకు కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక గొంతు పెరగలేదు.

"నేనేం జేసిన? నువ్వే నేర్పితివి గదా."

"అవునత్తా. నేనే నేర్పిన."

నిరోష మిగిలిన పాఠాలకు తాళం గుర్తు పెట్టి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ మాటలో విసురు లేదు. అదే భూమన్నకు తట్టుకోవడం కష్టమైంది. ఆ పొద్దు ఆమె పదిమంది కూలీలకు రొట్టెలు చేసింది, ఒక్కటీ మాడలేదు.

విష్ణుకు ఫోన్ చేస్తే, పోయినవి పోయినవే, తిరిగి రావన్నాడు. ఆ చానెల్ వాళ్లు మళ్లీ మొదటి నుంచి వేస్తారేమోనని నిరోష కనుక్కుంది. పరీక్ష అయ్యేదాకా వేయరట. పరీక్షకు ఇంకా యాభై రోజులు లేవు. రెండుసార్లూ ఆమె ఓడింది లెక్కల్లోనే.

భూమన్న రెండు రోజులు చెరకు చేను గట్టు మీద తిరిగాడు. డబ్బా కొన్నది తాను. మంచిదని కాదు, ఎవరినీ అడగకుండా తెచ్చుకోవచ్చని కొన్నాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు, ఎవరికీ తెలియదు కూడా. మూడోరోజు సాయంత్రం చేతులు కడుక్కొని, కండువా దులిపి వేసుకొని, కాలువ వంతెన దాటాడు.

వీరరాఘవయ్య అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. భూమన్నను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం భూమన్నా, ఇటు? నీళ్లు గానీ తెగాయా?"

"లేదు."

"మరి?"

"ఊకనే."

వీరరాఘవయ్య ఇంకో కుర్చీ వేయించాడు. ముప్పై ఏళ్లలో ఊకనే వచ్చిన రోజు లేదని ఇద్దరికీ తెలుసు. చెరకు ఎర్రకుళ్లు గురించి మాట్లాడుకున్నారు. కూలీలు దొరకని సంగతి మాట్లాడుకున్నారు. కాఫీ వచ్చింది. భూమన్నకు కాఫీ అలవాటు లేదు, తాగాడు. సతీష్‌బాబు బండి ఆపి లోపలికి వచ్చేసరికి మాటలన్నీ అయిపోయి ఇద్దరూ రోడ్డు వైపు చూస్తున్నారు.

"సతీష్‌బాబు, నువ్వు వద్దన్నా డబ్బ కొన్న" అన్నాడు భూమన్న. ఆపై సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. "దాంట్ల పోయినయి నీ కంప్యూటర్ల ఎట్లన్న అస్తయా?"

"రావండీ. ఆ డబ్బాకు కంపెనీవాళ్లు వేసిన తాళం మనం తీయలేం. విప్పి చూసినా ఏమీ దొరకదు. మీ చేత కంప్యూటరే పెట్టించాల్సింది. నేనూ గట్టిగా చెప్పలేదు."

గుమ్మంలో ఆ ఇంటి కోడలు, సతీష్‌బాబు భార్య ఉదయశ్రీ నిలబడి ఉంది. ఖాళీ గ్లాసుల కోసం వచ్చినట్టుంది.

"ఏ పాఠాలు బాబాయ్‌గారూ? ఏడు గంటలకు వచ్చేవేనా?"

"గవ్వే తల్లి."

"మొదటిరోజు నుంచి నా దగ్గర ఉన్నాయి. మావారు ఆ కార్డు పెట్టింది నాకోసమే. నేనూ పరీక్ష రాస్తున్నాను."

భూమన్న సతీష్‌బాబు వైపు చూశాడు. తూము దగ్గర ఆ రోజు అతను అంత నమ్మకంగా ఎట్లా చెప్పాడో ఇప్పుడు తెలిసింది. మీ ఇంట్లో ఎవరికోసమని ఒక్క ముక్క అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

"ఎవరికి కావాలి? మీ ఊళ్లో పిల్లలకా?" అన్నది ఉదయశ్రీ.

పిల్లలకేనని ఊ అంటే సరిపోయేది. పాఠాలు చేతిలో పడేవి. భూమన్న కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

"నా కోడలుకు. ఆమె గూడ గదే పరీక్ష రాస్తది, గదే జిల్లాకు. లెక్కలొక్కటే రావు ఆమెకు, మిగతయన్ని అస్తయి. గిది తెలిసి ఇయ్యి తల్లి. ఇయ్యకున్నా నేనేమనుకోను."

వీరరాఘవయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆలోచించుకో అమ్మాయ్. జిల్లా మొత్తానికి వచ్చేవే పిడికెడు పోస్టులు."

ఉదయశ్రీ గ్లాసులు తీసుకోలేదు. గుమ్మం కర్రను గోటితో గీకుతూ ఆలోచించింది. భూమన్న ఆమె వైపు చూడడం మానేసి తన చేతుల వైపు చూసుకున్నాడు. చెరకు ఆకు కోసిన గీతలు వాటి నిండా ఉన్నాయి.

"మేం తణుకు పెళ్లికి వెళ్లిన మూడు రోజుల్లో మొదటిరోజే ఇక్కడ కరెంటు పోయి వచ్చింది" అన్నది చివరికి. "కంప్యూటరు మళ్లీ లేవలేదు. మూడు పాఠాలు పోయాయి నాకు. పరిసరాలవి. మీ డబ్బాలో అవి ఉన్నాయా?"

"నీళ్లయి, పక్షులయి, దోమలయి. గా మూడేనా?"

"మీకెలా తెలుసు?" అని నవ్వింది ఆమె.

"ఉన్నయి. కరెంటు పోయినా అదే లేస్తది గది."

"అవి బయటికి రావుగా మరి."

"రావు. నువ్వు మా ఇంటికి రావాలె."

"ఆవిడ ఇక్కడికి రావాలి. లెక్కలు ఇక్కడే చూసుకోవాలి, మీ ఇంట్లో కంప్యూటరు లేదు కదా."

"నేను తెచ్చి పెట్టేస్తాను" అన్నాడు సతీష్‌బాబు. "కరెంటు వస్తే దానంతటదే లేచే సెట్టింగ్ కూడా దొరికిందండీ. రెండో కార్డు తెప్పిస్తాను. ఆ డబ్బా తిరిగి ఇచ్చెయ్యండి."

భూమన్న తల అడ్డంగా ఊపాడు. "వద్దు బాబూ. నీ కాడ నీది ఉండనీ, నా కాడ నాది ఉండనీ. దేంట్ల ఏది పోయినా ఇంకో దాంట్ల ఉంటది. ఆడోళ్లు రెండడుగులు అటిటు నడుస్తరు, అంతే గదా."

వీరరాఘవయ్య వంతెన దాకా వెంట వచ్చాడు. వంతెన దగ్గర, "ఒకరికే వస్తే ఏం చేస్తావు భూమన్నా?" అని అడిగాడు.

"నీ కోడలుకొస్తే మా ఊరి బడికే రమ్మను" అన్నాడు భూమన్న.

ఇంట్లో చెబితే నిరోష వెంటనే సంతోషపడలేదు. బియ్యం ముందేసుకొని ఏరడం మొదలుపెట్టింది.

"ఆమె లెక్కలన్ని మొదటి సంది సూసిందట గదా మామా."

"గట్లనే ఉన్నది."

"నేను గా మూడు పాఠాలు ఇయ్యకుంటే ఆమెకు గా మూడు రావు."

"రావు."

"ఇస్తమన్నరా?"

"నేను అననీకి ఏమున్నది? రిమోట్ నీ చేతుల ఉన్నది. ఆమె మాత్రం నీ గురించి తెలిసినంకనే ఊ అన్నది."

నిరోష బియ్యంలో నుంచి ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "రేపు నాలుగింటికి రమ్మనున్రి" అన్నది.

నాలుగింటికి నాగవ్వ మధ్యాహ్నపు సీరియల్ చూసే వేళ. నాగవ్వే చాట టీవీ ముందు నుంచి పక్కకు లాగి, గోడ వారగా వేసుకొని, చాప దులిపింది. "గా పిల్ల ఎక్కడ కూసుంటది మరి? నా సీరియల్ డబ్బల పడ్తది, రేపు సూస్త" అన్నది మొగుడు వినేటట్టు. తర్వాత కొంచెం తగ్గి, "తాళం గుర్తేందో నాకు గూడ సూపియ్యి. సదువు మీద పెట్టు, నా కథల మీద వద్దు" అన్నది కోడలితో.

ఉదయశ్రీ నోటుపుస్తకం గుండెకు ఆనించుకొని వచ్చింది. చెప్పులు గడప అవతల జాగ్రత్తగా విడిచింది. ఇల్లంతా తంబాకు వాసన. ఆమెకు తుమ్ము వచ్చింది, ఆపుకోబోయి ఇంకో రెండు వచ్చాయి.

"మీ ఇంట్ల బీడీలు సెయ్యరా బిడ్డా?" అన్నది నాగవ్వ.

"రాదండీ నాకు."

"నౌకరి రాకుంటే నేను నేర్పుత. ఇద్దరికీ."

ఇద్దరు కోడళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వాలో వద్దో తెలియక కాస్త ఆలస్యంగా నవ్వారు.

నీళ్ల పాఠం మొదలయ్యింది. భూమన్న పొలం పోవడానికి పార భుజాన వేసుకొని గడప దగ్గర నిలబడ్డాడు. సారు ఏవో పేర్లు గబగబా చెప్పుకుంటూ పోతున్నాడు. నిరోష తన పుస్తకంలో రాసుకొని తలెత్తింది. పక్కన ఉదయశ్రీ ఇంకా రాస్తున్నది, రెండు మాటలు వెనకబడి ఉంది. టీవీలో సారు తరువాతి దాంట్లోకి పోయాడు. నిరోష రిమోట్ తీసింది. ఒక క్షణం చేతిలోనే పట్టుకుంది. నొక్కింది. సారు నోరు సగం తెరిచి నిలబడిపోయాడు.

"ఏమైంది, కరెంటు పోయిందా?" అన్నది నాగవ్వ చాట నుంచి తలెత్తకుండానే.

"లేదత్తా. ఆమె రాసుకుంటున్నది."

నాగవ్వ ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది. భూమన్న గడప దిగి పొలం వైపు నడిచాడు.